ఖర్చుల వెలివాడ

బొగ్గు, పెట్రోలు, గ్యాసు వంటి ఇంధనాల వెనక కనపడని ఖర్చు చాలా ఉందనీ, దాన్ని కూడా కలిపి లెక్కగడితే ఎండ నుంచీ గాలి నుంచీ తీసే కరెంటే చౌక అనీ పర్యావరణవేత్తలు, ఆర్థికవేత్తలు చాలాకాలంగా వాదిస్తున్నారు. ఈ వాదన తప్పు కాదు. దాన్ని తిప్పికొట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కూడా కాదు. ఐతే ఆ వాదన ఏ మాటల మీద నిలబడిందో, ఆ మాటలు ఎవరి అనుభవం నుంచి పుట్టాయో, ఎవరి అనుభవాన్ని పక్కకు నెట్టాయో దళిత దృక్పథం నుంచి పరిశీలించాల్సిన పని మిగిలే ఉంది. విశ్వవిద్యాలయాల్లోని పర్యావరణ శాఖలు ఆ పనికి పూనుకోలేదు. పర్యావరణమంటే పులి, అడవి, నది అనుకునే అగ్రకుల మేధావులకు ఆ అవసరమే కనపడలేదు. శ్రమ అనగానే కులం లేని కార్మికుణ్ణి ఊహించుకునే వామపక్ష విమర్శకులు సగం దూరం వచ్చి ఆగిపోయారు.

ముందు 'కనపడని ఖర్చు' అనే మాటనే తీసుకుందాం. ఎవరికి కనపడని ఖర్చు ఇది? థర్మల్ కేంద్రం బూడిద చెరువు పక్కనున్న పల్లెల్లో బూడిద ఎన్నడూ దాగిలేదు. ఎండాకాలం గాలి లేస్తే ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద, పత్తి కాయ మీద, పిల్లల ముక్కుల్లో అది కనపడుతనే ఉంటది. ఓపెన్‌కాస్టు గనిలో బాంబు పేలితే పగిలే గోడ కనపడుతది. ఎండిపోయిన బాయి కనపడుతది. నేను బొగ్గు ఊరి పక్క పల్లెలో పెరిగినోణ్ణి, మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని. 'కనపడని ఖర్చు' అనే మాట నేను మొదట విన్నది క్లాసు రూములోనే. అంతకు ముందు మాకది ఖర్చే, కనపడే ఖర్చే. అది కనపడనిది లెక్క రాసేవాళ్లకు. తమకు కనపడని దాన్ని లోకానికే కనపడనిదిగా ప్రకటించడం జ్ఞానరంగంలో ఆధిపత్య కులాలకున్న పాత అలవాటు.

బాహ్యం అంటే వెలి

అర్థశాస్త్రంలో దీనికి ఎక్స్‌టర్నాలిటీ అని పేరు. తెలుగులో 'బాహ్య వ్యయం' అని రాస్తున్నారు. ఆర్థర్ పిగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1920లో సంక్షేమ అర్థశాస్త్రం మీద రాసిన గ్రంథంతో ఈ ఆలోచనకు ఒక రూపం వచ్చింది. ఫ్యాక్టరీ యజమాని బొగ్గు కొంటాడు, కూలి ఇస్తాడు, సరుకు అమ్ముకుంటాడు. పొగ గొట్టంలోంచి వచ్చే మసి పక్క ఇళ్ల మీద పడుతుంది. ఆ నష్టం యజమాని పుస్తకంలో ఎక్కదు. ఆ నష్టానికి సమానమైన పన్ను వేస్తే సరిపోతుందని పిగూ సంప్రదాయం చెబుతుంది. 1950లో విలియం కాప్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఇది మార్కెట్టులో ఎక్కడో జరిగే పొరపాటు కాదనీ, ఖర్చును బలహీనుల మీదికి నెట్టడమే లాభం సంపాదించే పద్ధతిలో భాగమనీ వాదించాడు.

కాప్ చెప్పింది మనకు కొత్తగా అనిపించదు. ఎందుకంటే 'బాహ్యం' అనే సంస్కృత మాటకు మన ఊళ్లలో వాడుకలో ఉన్న మాట 'వెలి'. వెలివాడ ఊరికి బయట ఉంటుంది. కాని ఊరు నడవాలంటే వెలివాడ కావాలె. చచ్చిన గొడ్డును మోయడానికి కావాలె, డప్పు కొట్టడానికి కావాలె, నాటు వేసి కోత కోయడానికి కావాలె. శ్రమ ఊరి లోపలి లెక్క, మనిషి ఊరి బయటి లెక్క. బొగ్గు కరెంటుకూ ఇదే సూత్రం వర్తించింది. కరెంటు లోపలి లెక్క, బూడిద బయటి లెక్క. మురికి ఎటు పోవాలో ఈ దేశంలో ముందే నిర్ణయమై ఉంది. కాలుష్యం గాలివాటాన్ని బట్టే పోతుందని పర్యావరణ శాస్త్రం చెబుతుంది. ఈ దేశంలో అది భూమి హక్కుల వాటాన్ని బట్టి కూడా పోతుందని మనం కలపాల్సి ఉంటుంది.

'కులం, ప్రకృతి' సంబంధం మీద ముకుల్ శర్మ ఇంగ్లీషులో 2017లో ప్రచురించిన పుస్తకం ఈ దిశలో పని చేసింది. దళితులకు పర్యావరణ చైతన్యం లేదనే మాటను అది ప్రశ్నించింది. ఐతే ఆ ప్రశ్నను ఇంధనం దాకా, కరెంటు దాకా మన ప్రాంతంలో మనమే తీసుకురావాల్సి ఉంది.

బూడిద లెక్క

బొగ్గు లెక్క ఒకసారి చూద్దాం. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, సాధారణంగా 30 నుంచి 45 శాతం. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అందులోంచి దాదాపు పావు కిలో బూడిద మిగులుతుంది, కిలోకు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. రామగుండంలో 1983లో మొదటి యూనిట్ మొదలైన జాతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. అంత సామర్థ్యమున్న కేంద్రం 75 శాతం లెక్కన ఒక రోజు నడిస్తే 4 కోట్ల 68 లక్షల యూనిట్లు వస్తాయి. గుణించి చూస్తే బూడిద రోజుకు పదివేల టన్నులు దాటుతుంది. అందులో ఆర్సెనిక్, సీసం, పాదరసం వంటి విష లోహాలు కొద్దికొద్దిగా ఉంటాయి. కొంత బూడిద సిమెంటుకూ ఇటుకలకూ రోడ్లకూ పోతుంది. మిగిలింది నీళ్లతో కలిపి చెరువుల్లోకి వదులుతారు. బూడిద మొత్తాన్నీ వాడుకోవాలని 1999లోనే కేంద్రం నియమాలు పెట్టింది. గడువులు దాటిపోయాయి, సవరణలు వచ్చాయి, 2021 చివర మళ్లీ కొత్త నియమాలు వచ్చాయి.

గంధకపు పొగను అదుపు చేసే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో ప్రమాణాలు ప్రకటించారు. రెండేళ్ల గడువు ఇచ్చారు. ఆ గడువును పొడిగించుకుంటూ పోయి, చివరికి 2025 జూలైలో దేశంలోని ఎక్కువ థర్మల్ యూనిట్లకు ఆ బాధ్యతే లేకుండా మినహాయింపు ఇచ్చారు. పదేళ్లు ఆ ఖర్చు ఎవరు భరించారు? యంత్రం ధర కంపెనీ పుస్తకంలో ఎక్కలేదు గాబట్టి అది ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది. ఇందులో కనపడనిది ఏముంది?

ఖర్చుకు పన్ను వేస్తే సరిపోతుందన్న పిగూ మార్గం కూడా మన దేశంలో ఒక దశాబ్దంన్నర నడిచింది. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు. 2014లో అది 100, 2015లో 200, 2016లో 400 రూపాయలు అయింది. స్వచ్ఛ ఇంధన నిధి కోసమని చెప్పారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అదే 400 రూపాయలు రాష్ట్రాలకు పన్ను ఆదాయ నష్టాన్ని పూడ్చే సెస్సుగా పేరు మార్చుకుంది. 2025 సెప్టెంబరులో ఆ సెస్సును తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఈ మొత్తం కథలో బూడిద కింద బతికిన కుటుంబం ఎక్కడా హక్కుదారు కాదు. వాళ్ల నష్టానికి ధర కట్టారు, ఆ ధర వసూలు చేశారు, దాన్ని వేరే పద్దులో జమ చేశారు. ఖర్చును లెక్కలోకి ఎక్కించినంత మాత్రాన న్యాయం జరగదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. పద్దులో మన కష్టం ఎక్కుతుంది, మన పేరు మాత్రం ఎక్కదు.

బొగ్గు ఇచ్చింది కూడా చెప్పాలె

ఇక్కడ ఒక విషయం దాచకుండా మాట్లాడుకోవాలె. బొగ్గు మనకు బూడిదే కాదు, జీతం కూడా ఇచ్చింది. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. దొర పొలంలో వెట్టి చేసినోళ్ల బిడ్డలు బాయి పనికి పోయిన్రు. గుత్తేదారుల కింద నలిగిన్రు, గనుల్లో సచ్చిన్రు, అది నిజం. కాని కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చాక పర్మినెంటు నౌకరీ, క్వార్టరు, దవాఖాన, ప్రావిడెంటు ఫండు, రిజర్వేషను కూడా వచ్చినయి. దొర కాళ్ల కాడి నుంచి లేచి నిలబడడానికి చాలా దళిత కుటుంబాలకు ఆ జీతపు చీటీ ఆసరా అయింది. బొగ్గు బెల్టు నుంచి వచ్చిన మొదటి తరం దళిత టీచర్లు, లాయర్లు, కవులు, సంఘ నాయకులు ఆ జీతాల మీద చదువుకున్నోళ్లే. 'బొగ్గు వద్దు' అని హైదరాబాదులో ఏసీ హాల్లో తీర్మానం చేసే పెద్దమనిషికి ఈ చరిత్రతో పనిలేదు. మనకు ఉంది.

అంబేద్కర్ ఈ విషయాన్ని బొగ్గు దగ్గరే కాదు, కరెంటు దగ్గర కూడా ఆలోచించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యునిగా ఉన్నప్పుడు విద్యుత్తు విధానం ఆయన శాఖలోనే రూపుదిద్దుకుంది. 1943 అక్టోబరులో విద్యుత్తు మీద జరిగిన విధాన సమావేశంలో కరెంటు చౌకగా, పుష్కలంగా ఉండాలనే ప్రశ్నను ఆయన పేదరికం ప్రశ్నతో ముడిపెట్టారు. అది ప్రభుత్వం చేతిలో ఉండాలా ప్రైవేటు చేతిలో ఉండాలా అనే యాజమాన్య ప్రశ్నను కూడా ముందుకు తెచ్చారు. ఆ ఏడాది చివర ధన్‌బాద్ బొగ్గు గనులు చూశారు. 1944 జనవరిలో గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. అదే కాలంలో యుద్ధపు బొగ్గు అవసరం కోసం స్త్రీలు గని లోపల పనిచెయ్యకూడదనే నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. శాసనసభలో దానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది కూడా ఆయనే. 1946లో ఆ నిషేధం తిరిగి వచ్చింది. ఈ చరిత్రను పూజ గదిలో పెట్టాల్సిన పనిలేదు. ఇంధనం అవసరం పెరిగినప్పుడల్లా ముందు ఎవరి శరీరం మీద భారం పడుతుందో దాన్నుంచి నేర్చుకోవాలె. కరెంటు మీద చర్చ అంటే యాజమాన్యం మీద, జీతం మీద, రక్షణ మీద చర్చ అని కూడా నేర్చుకోవాలె.

బొగ్గు మీద మోజు పెంచుకోవడానికి కూడా కారణం లేదు. బొగ్గు ఇచ్చిన జీతం బొగ్గే తిరిగి గుంజుకుంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పర్మినెంటు కార్మికులున్నారు. ఇప్పుడు దాదాపు 40 వేలు. ఇదే కాలంలో ఉత్పత్తి ఏటా 2 కోట్ల టన్నుల లోపు నుంచి 2023-24 నాటికి 7 కోట్ల టన్నులకు పెరిగింది. భూగర్భ గనులు తగ్గినయి, ఓపెన్‌కాస్టులు పెరిగినయి, వేలమంది కాంట్రాక్టు కార్మికులు వచ్చిన్రు. ఊళ్లకు ఊళ్లు మట్టి గుట్టల కింద పోయినయి. అంటే నౌకరీ తగ్గింది, విధ్వంసం పెరిగింది. 'బొగ్గు పోతే మన నౌకరీలు పోతయి' అని భయపెట్టే యూనియన్ నాయకులు ఈ అంకెలకు జవాబు చెప్పాలె. నౌకరీలు పోయింది సూర్యుని వల్ల కాదు.

పైగా బొగ్గు పొగ వల్ల భూమి వేడెక్కితే ముందు చచ్చేది ఎవరు? 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండువేలకు పైగా మనుషులు చనిపోయారు. ముసలివాళ్లు, ఎండలో పనిచేసే కూలీలే అందులో ఎక్కువ. ఉపాధి హామీ గుంత తవ్వేవాళ్లకు, మిరప తోటలో కాయలు ఏరేవాళ్లకు, ఇటుక బట్టీలో పనిచేసేవాళ్లకు వాతావరణ మార్పు అంటే సెమినారు అంశం కాదు. కాబట్టి బొగ్గు నుంచి బయటపడడం అందరికంటే ఎక్కువ మన అవసరం. అసలు ప్రశ్న ఎట్లా బయటపడాలి, ఎవరి భూమి మీదుగా బయటపడాలి అన్నదే.

బంజరు అనే అబద్ధం

సౌర విద్యుత్తును సమర్థించే ప్రతి పత్రంలోనూ ఒక మాట ఉంటుంది: 'నిరుపయోగంగా ఉన్న బంజరు భూములు'. ఈ మాటను కూడా పరీక్షించాలె. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి బంజరు అనేది నేల స్వభావాన్ని చెప్పే మాట కాదు, శిస్తు రాని నేలను చెప్పే మాట. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో దేశపు బంజరు భూముల అట్లాసులు తయారుచేసింది. ఉపగ్రహానికి రాళ్లు కనపడతాయి, తుప్పలు కనపడతాయి. ఆ తుప్పల్లో మేసే మేకలు, ఆ రాళ్ల నడుమ వర్షానికి వేసే కొర్ర, ఉలవ, కంది, పొయ్యికి ఏరుకునే పుల్ల, శవాన్ని పాతిపెట్టే జాగ దానికి కనపడవు. బంచరాయి, గైరాన్, పోరంబోకు అని ఎన్ని పేర్లతో పిలిచినా భూమిలేని కులాలకు అదే భూమి.

ఈ అబద్ధం సౌర విద్యుత్తుతో మొదలు కాలేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రం కోసం తీసుకున్న బీలను కాగితాల మీద పనికిరాని భూమిగానే చూపించారు. అది నీళ్లుండే, చేపలుండే, వేలమందికి తిండి పెట్టే తడినేల. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. బొగ్గు కంపెనీ 'బంజరు' అన్నప్పుడు పర్యావరణవాదులు అది అబద్ధమని గట్టిగా అరిచారు. మంచి పని చేశారు. సౌర కంపెనీ అదే మాట అన్నప్పుడు ఎందుకు నోరు మెదపరు? పలకలు నల్లగా మెరుస్తాయి, పొగ రాదు గనుకనా?

కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో పూర్తయిన సౌర పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 6 వేల ఎకరాలు. అనంతపురం సీమలో నంబులపూలకుంట దగ్గర మరో పెద్ద పార్కు వచ్చింది. ఇట్లాంటి చోట భూమి తీసుకునేటప్పుడు జనం మూడు రకాలుగా విడిపోతారు. పట్టాదారులు ఒకరు. ప్రభుత్వం పంచిన భూమికి డి.కె.టి. పట్టా ఉన్నవాళ్లు రెండోవారు, తెలంగాణలో లావుణి పట్టా అంటరు. ప్రభుత్వ భూమిని ఏళ్ల తరబడి సాగు చేసుకుంటూ ఏ కాగితమూ లేని శివాయి జమా సాగుదార్లు మూడోవారు. పట్టాకు ఒక ధర, డి.కె.టి.కి బేరం, మూడోవాళ్లకు దండం. ఈ మూడు వరసలు కుల వరసలతో ఎంత దగ్గరగా కలుస్తాయో ఏ ఊరి పహాణీ చూసినా తెలుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు విస్తీర్ణంలో షెడ్యూల్డ్ కులాల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. జనాభాలో మనవాళ్లు 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. ఆ కొద్ది భూమిలో కూడా పెద్ద పాలు పంచిన భూమే.

కర్ణాటకలో మన సరిహద్దును ఆనుకుని, తెలుగు మాట్లాడే పల్లెలున్న పావగడలో కొంచెం వేరే పద్ధతి పాటించారు. అక్కడ ఐదు గ్రామాల్లో దాదాపు 13 వేల ఎకరాలను కొనకుండా రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలు. రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. 2,050 మెగావాట్ల పార్కు వచ్చింది. భూమి హక్కు రైతు దగ్గరే ఉంది, నిలకడగా డబ్బు వస్తుంది. దీన్ని ఆదర్శంగా చూపిస్తున్నారు. భూమి ఉన్నవాడి వైపు నుంచి చూస్తే నిజంగానే మెరుగు. ఐతే వంద ఎకరాలున్న వాడికి ఏడాదికి 21 లక్షలు. ఆ వంద ఎకరాల్లో కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలి కుటుంబానికి సున్నా. సాగు ఆగిపోయింది గనుక కూలి ఆగిపోయింది. మేపు లేదు గనుక మేక లేదు. కౌలు ఒప్పందంలో ఇద్దరే సంతకందార్లు: భూమి గలవాడు, కంపెనీ. మూడో మనిషి ఇక్కడ కూడా 'బాహ్యం'.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

చట్టాలు లేవా అని మిత్రులు అడుగుతరు. ఉన్నయి. 2013 భూసేకరణ చట్టం 'ప్రభావిత కుటుంబం' అనే మాటకు ఇచ్చిన అర్థంలో భూమిలేని వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు కూడా ఉన్నారు. భూమి తీసుకోవడానికి ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్నట్టయితే వాళ్లకూ పునరావాస హక్కు ఉంది. చాలా పోరాటాల తరువాత చట్టంలోకి ఎక్కిన వాక్యం అది. కాని భూమిని కౌలుకు తీసుకుంటే అది సేకరణ కాదు. అసైన్డ్ భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే దాన్ని సేకరణ అనరు, 'పునఃస్వాధీనం' అంటారు. రెండు దారుల్లోనూ ఆ వాక్యం పనిచెయ్యకుండా పోతుంది. అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఉందని తహసీల్దారు ఆఫీసులో మనోళ్లకు ఎవరు చెప్తరు?

పర్యావరణ అనుమతి సంగతి ఇంకా విచిత్రం. 2006 నోటిఫికేషను కింద పెద్ద బొగ్గు కేంద్రం పెట్టాలంటే ప్రభావ అంచనా నివేదిక కావాలి, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఆ సభలు ఎంత బూటకంగా జరుగుతయో మనకు తెలుసు. పోలీసులు, కంపెనీ మనుషులు, ముందే రాసుకున్న మినిట్సు. ఐనా అక్కడ లేచి నిలబడి మైకు గుంజుకునే అవకాశం ఒకటుంటది. సౌర పార్కుకు ఆ నోటిఫికేషను వర్తించదని కేంద్రం తేల్చింది. అంటే ఆరువేల ఎకరాలు మారిపోతున్నా ఊరిని అడగాల్సిన పనిలేదు. పచ్చ పేరు పెట్టుకున్నది గాబట్టి ప్రశ్న నుంచి మినహాయింపు. ఏజెన్సీలో 1997 సమత తీర్పు, 1970 నాటి భూ బదలాయింపు నిబంధన ఆదివాసులకు ఒక కోటగా ఉన్నాయి. మైదాన ప్రాంతపు దళితులకు 1977 అసైన్డ్ భూముల చట్టం తప్ప కోట లేదు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చని ఆంధ్రప్రదేశ్ 2023లో దాన్నీ సవరించింది. అమ్ముకునే హక్కు అందరికీ ఉన్నట్టే మనకూ ఉండాలి, అందులో తప్పేం లేదు. కాని కొనేవాడు గేటు దగ్గర నిలబడ్డప్పుడే ఆ హక్కు గుర్తుకొచ్చిందంటే అనుమానించాల్సి వస్తుంది.

పలక తుడిచే చేయి

ఇప్పుడు శ్రమ దగ్గరికి వద్దాం. బొగ్గు నుంచి సౌరశక్తికి మారడమంటే ఒక ఇంధనం నుంచి ఇంకో ఇంధనానికి మారడం మాత్రమే అని అనుకుంటున్నారు. మన దేశంలో అది ప్రభుత్వ రంగం నుంచి ప్రైవేటు రంగానికి మారడం కూడా. సింగరేణి, జెన్కో, ఎన్టీపీసీల్లో రిజర్వేషను ఉంది, రోస్టరు ఉంది, సంఘం పెట్టుకునే హక్కు ఉంది. సౌర పార్కుల్లో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీలవి. అక్కడ రాజ్యాంగం 16(4) అధికరణం గేటు దగ్గరే ఆగిపోతుంది. కట్టేటప్పుడు కొన్ని నెలలు వందలమందికి కూలి దొరుకుతుంది. కట్టాక ఇంజనీర్లు బయటి నుంచి వస్తారు. ఊరివాళ్లకు మిగిలేవి మూడు పనులు: కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం. ఇవి కాంట్రాక్టరు కింద, రోజు కూలికి. భూమి పోయిన ఆడవాళ్లు అదే భూమి మీద పలకలు తుడుస్తూ కనపడడం ఏ నివేదికలోనూ ఖర్చు కింద రాయరు, 'ఉపాధి కల్పన' కింద రాస్తారు. ఊడ్చే పని, తుడిచే పని మళ్లీ ఎవరి చేతికి వచ్చిందో చూడండి. సాంకేతికత ఇరవై ఒకటో శతాబ్దంది, శ్రమ విభజన మనువు కాలంది.

పలకకు ఆయువు పాతిక ముప్పై ఏళ్లు. తరువాత అది చెత్త. అందులో గాజు, అల్యూమినియం, వెండి ఉంటాయి. సీసం ఉంటుంది, కొన్ని రకాల్లో కాడ్మియం కూడా ఉంటుంది. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సౌర పలకలను చేర్చారు. మంచిదే. ఐతే ఈ దేశంలో చెత్తను విడగొట్టే పని కాగితం మీద కంపెనీది, చేతల్లో దళిత, ముస్లిం పేద వాడలది. పాత కంప్యూటర్ల వైర్లు కాల్చి రాగి తీసిన చేతులే రేపు పలకలు పగలగొడతాయి. 2017లో పెట్టిన పలకలు 2040ల్లో బయటికి వస్తాయి. ఆ గుట్ట ఏ ఊరి పక్కన పడుతుందో ఇప్పుడే అడగకపోతే, బూడిద చెరువు ఎక్కడ పడిందో అక్కడే పడుతుంది.

ఇళ్ల మీద పలకలు, పొలంలో సౌర మోటార్లు అనే పథకాలు కూడా ఉన్నాయి. 2019లో కుసుమ్, 2024లో సూర్యఘర్ వచ్చాయి. మోటారుకు బోరు కావాలి, బోరుకు పొలం కావాలి. పలకకు గట్టి స్లాబు కావాలి. పథకం రాసేవాడు ఆస్తి ఉన్న మనిషిని ఊహించుకునే రాస్తాడు. ఎస్సీ, ఎస్టీల ఇళ్ల మీద ఉచితంగా పెట్టిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని వద్దనకూడదు. కాని ఇంటి మీద రెండు కిలోవాట్లు ఇచ్చి, ఊరి పక్కన వెయ్యి మెగావాట్లు పెట్టుబడిదారుకు రాసిస్తే దాన్ని వాటా అనలేం.

ఏం అడగాలె

2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం తెస్తామని దేశం ప్రపంచానికి మాటిచ్చింది. 160 గిగావాట్లు లక్ష్యంగా ఆంధ్రప్రదేశ్ 2024లో స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. 2025లో తెలంగాణ కూడా ప్రకటించింది. అంటే రాబోయే పదేళ్లలో లక్షల ఎకరాల తలరాత మారబోతుంది. భూసంస్కరణలు జరగని దేశంలో ఇది తలకిందులుగా జరిగే భూసంస్కరణ కాకూడదంటే మన డిమాండ్లు ఇప్పుడే స్పష్టంగా ఉండాలి.

ఒకటి, పంచిన భూమిని ఏ పేరుతోనూ వెనక్కి తీసుకోకూడదు. అవసరమైతే కౌలుకు తీసుకోవాలి, హక్కు దళిత కుటుంబం దగ్గరే ఉండాలి. శివాయి జమా సాగుదార్లకు ముందు పట్టాలిచ్చి తరువాతే మాట్లాడాలి. రెండు, కౌలు సొమ్ములో ఆ భూమి మీద కూలి చేసి, పశువులు మేపి బతికిన వాళ్లకు చట్టబద్ధమైన వాటా ఉండాలి. 2013 చట్టంలోని 'ప్రభావిత కుటుంబం' నిర్వచనాన్ని కౌలు పార్కులకూ వర్తింపజేయాలి. మూడు, పెద్ద పార్కులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చెయ్యాలి. నివేదికలో కులాలవారీగా ఎవరు ఏం కోల్పోతున్నారో రాయాలి. నాలుగు, ప్రభుత్వ భూమి, ప్రభుత్వ లైన్లు, ప్రభుత్వ కొనుగోలు ఒప్పందం వాడుకునే ప్రతి కంపెనీలో రిజర్వేషను షరతుగా ఉండాలి. సింగరేణి సొంతంగా 200 మెగావాట్లకు పైగా సౌర విద్యుత్తు పెట్టుకోగలిగింది. ప్రభుత్వ రంగం ఈ పని చెయ్యలేదనే మాట అబద్ధం. ఐదు, పంట భూమికంటే ముందు ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు, నిండిన బూడిద చెరువులు, జలాశయాలు వాడాలి. రామగుండంలో జలాశయం నీళ్ల మీదనే 2022లో 100 మెగావాట్లు పూర్తయినయి. అంటే చోటు లేక కాదు, పేదోళ్ల భూమి చౌక గనుక తీసుకుంటున్నరు. ఆరు, బొగ్గు బెల్టులో గని మూసేటప్పుడు నేలను బాగుచేసే పని, ఆ నేల మీద హక్కు కాంట్రాక్టు కార్మికులతో సహా అక్కడి జనానికే దక్కాలి.

ఈ డిమాండ్లు విని పర్యావరణ మిత్రులు కొందరు 'ఇట్లా షరతులు పెడితే మార్పు ఆలస్యమైతది, భూమికి అంత టైం లేదు' అంటరు. తొందర నిజమే. కాని న్యాయం అడిగినప్పుడు మాత్రమే టైం గుర్తుకు రావడం చూస్తే మనకు ఇంకో తొందర గుర్తొస్తుంది. 'ముందు స్వాతంత్ర్యం, తరువాత మీ అంటరానితనం సంగతి' అన్న తొందర అది. పైగా అడ్డుపడుతున్నది మన షరతులు కాదు. గంధకపు యంత్రాలు పదేళ్లు పెట్టనివ్వంది మనం కాదు, బూడిద గడువులు జరిపింది మనం కాదు. భూమికి దండం పెట్టి భూమి మీది మనిషిని తొక్కే పర్యావరణవాదం ఎంత పచ్చగా ఉన్నా దాని లెక్కలో వెలివాడ ఉంటుంది. కరెంటు ఎట్లా పుట్టిందని మాత్రమే కాకుండా, దాని ఖర్చు ఎవరి ఖాతాలో రాశారని, లాభం ఎవరి ఖాతాలో రాశారని ప్రతి మీటరు దగ్గరా అడగడం మన విద్యార్థి, ఉపాధ్యాయ, భూ పోరాట సంఘాల పని. ఊరి పహాణీ తీసి, పార్కు కింద పోయిన సర్వే నంబర్లు ఎవరివో కులాలవారీగా రాసుకోవడంతో ఆ పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు.